సారథ్యమునందలి సంతోషము



నేటి సాయంకాలము నేను మాటలాడదలచిన విషయమును విని పెద్దలు కొందరు నవ్వుకొనవచ్చును. నేటి స్పోర్ట్సు కార్లు మిక్కిలి నాజూకు తేరినవి కదా, వానిని నడుపుటలో పూర్వపు ఉత్సాహము ఇంకను మిగిలియున్నదా, లేదా, అనునది ఆ విషయము. కాలువకు నీరు ఎప్పుడు వదలుదురో యని ఎదురుచూచువారికి ఈ చింత యేల యని మీరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని నేడు మన గ్రామములలోని పెద్దల కుమారులును, మనుమలును, మేనల్లుళ్ళును హైదరాబాదునందును, అమెరికాయందును, జర్మనీయందును ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో కొందరు రెండే పీటలు గలిగి, నేలకు ఆనుకొనియుండి, ఒక పొలము వెల చేయు కారును కొని దాని ఛాయాచిత్రమును ఇంటికి పంపుచున్నారు. ఆ చిత్రమును చూచి, "దీనిలో ఏమున్నదిరా, ఇంత సొమ్ము పోసితివి?" అని పెద్దలు అడుగుచున్నారు. పిల్లలు సరియైన బదులు చెప్పలేకున్నారు. ఆ బదులును నాకు తెలిసినంతవరకు చెప్పుటయే నేటి నా ప్రయత్నము.

నేను గుంటూరు మండలమునందలి ఒక చిన్న గ్రామమున పుట్టి, పదునారేండ్ల ప్రాయము వచ్చువరకు సెలవు దినములలో మా తండ్రిగారి వెంట నాగలి పట్టినవాడను. తరువాత యంత్రశాస్త్రము చదివి, జర్మనీ దేశమున ఒక యంత్రాగారమున చాలకాలము పని చేసితిని. ఈ కార్ల విషయమున నేను పండితుడను కాను. కొంత అనుభవము కలవాడను మాత్రమే. ఆ అనుభవములలో ఒకటి నా ప్రాణమునకే వచ్చి తప్పినది. దానిని దాపరికము లేక మీకు మనవి చేసెదను.

మొదట స్పోర్ట్సు కారనగా నేమో చెప్పవలెను. బండి ధాన్యము మోయుటకు, బస్సు జనమును మోయుటకు, సాధారణమైన కారు కుటుంబమును సుఖముగా ఒక ఊరినుండి మరియొక ఊరికి చేర్చుటకు ఏర్పడినవి. స్పోర్ట్సు కారునకు ఇట్టి ప్రయోజనము లేదు. ఇద్దరికి మించి చోటు చాలదు. మూటాముల్లె పెట్టుకొనుటకు వీలు తక్కువ. నడుము వంచి లోనికి దూరవలెను. మోకాళ్ళు పట్టుకొని పైకి లేవవలెను. అది కేవలము నడుపుట కొరకే చేయబడిన వాహనము. మన ప్రాంతమున ఒంగోలు గిత్తలను బండలాగుడు పందెములకు పెంచు రైతును చూడుడు. ఆ జతకు పెట్టు ఉలవల వెచ్చమును లెక్క వేసినచో, అవి ఎంత దున్నినను తీరునది కాదు. అయినను పందెమునాడు పగ్గము చేతబట్టు ఆ కొలది నిమిషములకై ఆతడు సంవత్సరమంతయు శ్రమపడును. ఈ కారును అట్టిదే. ట్రాక్టరు నడుపుటలో సంతోషము లేకపోయినను పొలము దున్నబడును. స్పోర్ట్సు కారులో సంతోషము లేకపోయినచో అది దేనికిని కొరగాదు. అందువలననే, ఆ సంతోషము మిగిలినదా లేదా యను ప్రశ్నకు కొంత బరువున్నది.

పూర్వపు కార్లలో ఆ సంతోషము ఎక్కడ నుండెడిదో చూతము. కొయ్యనాగలి పట్టినవారికి దీనిని తేలికగా చెప్పవచ్చును. మేడి పట్టిన చేతికి నేల యొక్క సమాచారమంతయు తెలియుచుండును. ఇచట రాయి తగిలినది, ఇచట వేరు అడ్డుపడినది, ఇచట పదును చాలదు, ఇచట కర్రు లోతుగా దిగినది అని కన్ను చూడకమునుపే అరచేయి చెప్పును. పూర్వపు కారులో స్టీరింగు చక్రము మేడి వంటిది. ఆ చక్రమునుండి ముందు టైర్ల వరకు ఇనుప కడ్డీలును పండ్లచక్రములును మాత్రమే యుండెడివి. చేతి బలము టైరునకు పోవుటయే కాక, టైరు క్రింది నేల యొక్క గుణము చేతికి వచ్చెడిది. వంపు తిరుగునప్పుడు టైరు పట్టు సడలుటకు కొంచెము ముందుగానే చక్రము చేతిలో తేలికపడును. ఆ తేలిక తెలిసినవాడు వేగము తగ్గించును. తెలియనివాడు గోతిలో పడును. ఇట్లు నేలకును మనుష్యునికిని మధ్య ఎడతెగని సంభాషణ జరుగుచుండెడిది. ఉత్సాహమన్నది ఆ సంభాషణయే.

జర్మనీ దేశపు పోర్షె 911 అను కారును ఉదాహరణముగా తీసికొందము. దానిని 1963 లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున మొదట చూపిరి. 1964 నుండి నేటివరకు ఆ పేరుతో కార్లు తయారగుచునే యున్నవి గనుక, కాలము తెచ్చిన మార్పును కొలుచుటకు అది మంచి కొలకర్ర. మొదటి కారు బరువు సుమారు 1080 కిలోగ్రాములు. బలము 130 గుర్రములు. నిలిచియున్న స్థితినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు దానికి 9 సెకన్లు పట్టెడిది. దాని ఇంజను వెనుక చక్రములకును వెనుకగా నుండును. బండిలో బరువంతయు వెనుకకు వేసినచో ఏమగునో మీకు తెలియును. వంపులో భయపడి వేగము నొక్కసారి తగ్గించినచో తోక ముందునకు తిరిగివచ్చెడిది. 1968 లో వెనుక చక్రములను సుమారు 57 మిల్లీమీటర్లు వెనుకకు జరిపి ఆ దోషమును కొంత సవరించిరి. అయినను 1975 లో టర్బో అను మరియొక రకము వచ్చినప్పుడు, కాలు నొక్కిన కొంతసేపటికి గాని రాని బలము వచ్చినప్పుడు ఒక్కపెట్టున రాగా, తొట్రుపడి ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు.

ఇటలీవారి ఫెరారీ ఎఫ్40 అనునది 1987 లో వచ్చినది. ఆ సంస్థను స్థాపించిన ఎంజో ఫెరారీ 1988 లో మరణించెను. ఆయన జీవితకాలమున వెలువడిన కార్లలో అది చివరివానిలోనిది. 478 గుర్రముల బలము గల ఆ కారునందు, బ్రేకు తొక్కుటకు సాయపడు యంత్రము లేదు. స్టీరింగు త్రిప్పుటకు సాయము లేదు. చక్రములు బిగిసి జారకుండ కాచునది లేదు. క్రింద తివాచీ లేదు. తలుపు తీయుటకు పిడికి బదులు ఒక తీగ వ్రేలాడుచుండును. అట్టి దానిని నడుపువాడు వేసవిలో చెమటతో తడిసి దిగెడివాడు. కాని దిగినప్పుడు నవ్వుచు దిగెడివాడు.

ఇక నా కథ. 1988 వ సంవత్సరము అక్టోబరు నెలలో, నాతో పనిచేయుచున్న ఒక పెద్దవాడు, జర్మను దేశస్థుడు, తన పాత స్పోర్ట్సు కారును నాకు నడుప నిచ్చెను. దాని పేరు చెప్పను; తప్పు దానిది కాదు. మేము నల్ల అడవి యను కొండ ప్రాంతమున పోవుచుంటిమి. అప్పుడే చిరువాన కురిసినది. దారిపై ఆకులు రాలియున్నవి. ఒక వంపు నేను తలచినదానికన్న ఇరుకుగా తిరిగినది. ఆ నిమిషమున చక్రము నా చేతిలో తేలికపడుట నాకు తెలిసినది. తెలిసియు, చేయదగిన పని తెలియక, భయముచేత యాక్సిలరేటరుపైనుండి కాలు నొక్కసారిగా తీసివేసితిని. కారు బరువు ముందునకు వ్రాలినది. వెనుక చక్రములు తేలినవి. కారు బొంగరమువలె రెండుమారులు తిరిగి, కంచె విరుచుకొని పచ్చికబీటిలో పడినది. నాకు దెబ్బలు తగిలినవి. నా మిత్రునికి భుజమువద్ద ఎముక విరిగినది. ఎదుటినుండి ఏ బండియైనను వచ్చియుండినచో నేటి ప్రసంగమునకు నేనుండను. ఆస్పత్రిలో నేను కన్నీరు పెట్టుకొని క్షమింపుమని వేడగా ఆయన, "తప్పు నీది కాదు. నేర్పకయే తాళపుచెవి ఇచ్చిన నాది" అనెను. ఆ మాట నాటినుండి నా మనసును విడువలేదు.

ఇట్టి ప్రమాదములు ఎందరినో బలిగొన్నవి గనుకనే యంత్రశాస్త్రజ్ఞులు ఉపాయము వెదకిరి. 1978 లో మెర్సిడెస్ వారి పెద్దకారునందు, బాష్ సంస్థవారు తయారు చేసిన ఒక బ్రేకు కాపరి వచ్చినది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రము బిగిసిపోయి జారకుండ, అది సెకనులో అనేక మారులు పట్టును వదలి మరల పట్టును. అటుపిమ్మట 1995 లో అంతకన్న గొప్ప ఉపాయము వాడుకలోనికి వచ్చెను. కారు ఎటు తిరుగవలెనని నడుపువాడు కోరుచున్నాడు, నిజముగా అది ఎటు తిరుగుచున్నది అను రెండింటిని ఒక చిన్న కంప్యూటరు పోల్చి చూచుచుండును. రెండింటికి తేడా వచ్చినచో నాలుగు చక్రములలో ఏది అవసరమో ఆ ఒక్క చక్రమునకు మాత్రము బ్రేకు వేసి, కారును దారిలోనికి తెచ్చును. నాలుగు ఎద్దులకును వేరువేరు పగ్గములుండి, వానిని పట్టుటకు కునుకు లేని సేవకుడొకడు ఉన్నట్లు తలచుకొనుడు. తోవతప్పి ఒంటిగా ప్రమాదమునకు లోనగు కార్లలో జరుగు మరణములు ఈ ఉపాయమువలన సుమారు సగమునకు తగ్గినట్లు అమెరికాలోని పరిశీలనలవలన తేలినది. అచట 2012 నాటి నమూనాలనుండియు, ఐరోపాలో 2014 నుండియు కొత్తకార్లన్నింటికి దీనిని తప్పనిసరి చేసిరి. 1988 లో ఇది నా చేతి కారునందు ఉండియుండినచో, నా మిత్రుని ఎముక విరిగియుండెడిది కాదు. కాబట్టి పాతకాలమే మేలని పాడువారిలో నేను చేరను.

అయినను కథ అంతటితో ముగియలేదు. మూడేండ్ల క్రిందట నేను టెక్సాసులోని ఆస్టిను పట్టణమున నున్న మా మేనల్లుని ఇంటికి పోయితిని. ఆతడు కొత్తగా ఒక స్పోర్ట్సు కారు కొనియుండెను. ఆ ఊరికి పడమట గుట్టలున్నవి. వాని నడుమ వంకర త్రోవలు. ఒక ఆదివారము నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బయలుదేరెను. వాన పడినది. ఒక వంపులో ఆతడు మితిమించిన వేగముతో ప్రవేశించి, భయపడి, సరిగా నాడు నేను చేసినట్లే కాలు తీసివేసెను. నా గుండె ఆగినంత పని యైనది. కాని ఏమియు జరుగలేదు. కారు రవ్వంత వణకి, తన దారిని తాను పోయినది. ఆతని ఎదుట పలకపై పసుపుపచ్చని చిన్న దీపమొకటి మూడుమారులు మినుకుమినుకుమని ఆరిపోయినది. దానిని నేను చూచితిని, ఆతడు చూడలేదు. నావైపు తిరిగి, "మామయ్యా, చూచితిరా, ఎంత చక్కగా తిప్పితినో!" అనెను.

అయ్యలారా, ఆ మాటకు నాకు కలిగిన భయము నల్ల అడవిలో కలిగినదానికన్న తక్కువది కాదు. నాడు నేను పడితిని గనుక నాకు నేర్పు లేదని తెలిసినది. వీడు పడలేదు గనుక తనకు నేర్పున్నదని తలచుచున్నాడు.

ఆ సాయంకాలమే ఆతడు నన్నొక సలహా యడిగెను. "మామయ్యా, ఈ కారు నాలుగు సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగమునకు పోవును. మొదటి నెలలో ఒడలు పులకరించెను. ఇప్పుడు ఆఫీసుకు పోవు కారువలెనే యున్నది. ఈ యంత్రపు కాపలాను తీసివేయుటకు ఒక మీట యున్నది. దానిని నొక్కినచో అసలైన ఉత్సాహము వచ్చునని స్నేహితులు చెప్పుచున్నారు. నొక్కనా?" అనెను. వెంటనే బదులు చెప్పలేక, ఆలోచించి చెప్పెదనంటిని. ఆ రాత్రి నేను ఆలోచించినదే ఇప్పుడు మీతో చెప్పుచున్నాను.

ఆతని ఉత్సాహ మేల చల్లారినది? మొదటి కారణము, చేతికి వార్త రాకపోవుట. నేటి కార్లలో స్టీరింగునకు విద్యుత్తు మోటారు సాయపడుచున్నది. 911 కారునకు 2011 లో ఆ మార్పు వచ్చినప్పుడు, పాతవారు చాలమంది నొచ్చుకొనిరి. త్రిప్పుట తేలికయైనది, ఇంధనము మిగిలినది; కాని మేడి మూగవోయినది. రెండవది గేరు. పూర్వము ఎడమకాలు, కుడికాలు, కుడిచేయి ఒక్క లయలో కదలినప్పుడే గేరు శబ్దము లేక పడెడిది. నేడు రెండు క్లచ్చులు గల యంత్రము, మనము రెప్పవేయులోపల తానే మార్చుచున్నది. మూడవది ధ్వని. నేటి ఇంజనులు నెమ్మదిగా మ్రోగునవి. కారు లోపలికి బయటి శబ్దము చొరదు. ఆ లోపమును పూడ్చుటకు, 2011 లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం5 అను కారునందు, ఇంజను ధ్వనిని రేడియో పెట్టెలనుండి లోపలివారికి వినిపింపజొచ్చిరి. పెండ్లిలో సన్నాయివాడు ఎదుట కూర్చుండి ఊదుచుండగా, మనము పళ్ళెము వేసి పాట విన్నట్లున్నది.

నాలుగవ కారణము అన్నిటికన్న పెద్దది, అది వేగము. నేటి 911 బరువు సుమారు 1500 కిలోగ్రాములు; బలము పాతదానికి మూడింతలు; 4 సెకన్లకు కొంచెము మించి నూరు కిలోమీటర్ల వేగము నందుకొనును. రెండవ గేరు ముగియకమునుపే అనేక దేశముల చట్టము ముగియును. మన దేశమున 2018 లో ఎక్స్‌ప్రెస్ దారులపై కార్లకు గంటకు 120 కిలోమీటర్లు హద్దుగా నిర్ణయించిరి. టెక్సాసులో 2012 లో తెరచిన ఒక రహదారిపై 85 మైళ్ళు, అనగా సుమారు 137 కిలోమీటర్లు, అనుమతింతురు. అమెరికాలో అంతకు మించిన హద్దు లేదు. జర్మనీలో కొన్ని దారులపై హద్దు లేదుగాని అవి తిన్నని దారులు. తిన్నని దారిలో నేర్పుతో పనిలేదు. ఇట్టి కారు తన కష్టసుఖములు నడుపువానికి చెప్పుట ఆరంభించువేళకు, ఆతడు చట్టమును దాటి, తన ప్రాణమును, దారిన పోవువారి ప్రాణమును పణముగా పెట్టి యుండును. అంతకు తక్కువ వేగమున అది నిద్రపోవుచుండును. కాబట్టి కుఱ్ఱవాడు దానిని మేల్కొల్పుటకు మరింత తొక్కును.

మహాభారతమున నలుడు బాహుకుడను పేరుతో ఋతుపర్ణ మహారాజునకు సారథియై విదర్భకు పోయిన కథ మీకు తెలిసినదే. దారిలో రాజు ఉత్తరీయము జారినది. రథ మాపుమని రాజు చెప్పులోపల అది యోజనము వెనుకబడినది. ఆ వేగమునకు రాజు ఆశ్చర్యపడెను. కాని ఆ రథమున సారథ్యపు సంతోషము ఎవరిది? గుఱ్ఱముల హృదయ మెరిగిన నలునిది. రాజునకు దక్కినది ఆశ్చర్యము మాత్రమే. ఆశ్చర్యము రెండు నెలలలో తీరిపోవును. నేర్పువలని సంతోషము వృద్ధాప్యమువరకు నిలుచును. మా మేనల్లుడు చక్రము చేతబట్టుకొనియు, ఋతుపర్ణుని స్థానముననే కూర్చుండియుండెను. నలుని స్థానమున యంత్రమున్నది.

అట్లయిన నేటి కార్లన్నియు ఇట్టివేనా యనగా, కావు. కార్లు చేయువారిలోను ఈ లోపము కనిపెట్టినవారు కలరు. జపానువారి మాజ్దా సంస్థ 1989 లో మియాటా యను చిన్న తెరపుకారును తెచ్చెను. 1600 ఘనసెంటీమీటర్ల ఇంజను, బరువు వేయి కిలోగ్రాములకు లోపు, ఆర్భాటము లేదు. గుఱ్ఱమును రౌతును ఒక్కటైనట్లుండవలెనని, గుఱ్ఱముపైనుండి బాణము వేయువారినుండి తీసికొన్న ఒక జపాను మాటను వారు తమ సూత్రముగా పెట్టుకొనిరి. 2016 నాటికి ఆ కార్లు పది లక్షలు తయారైనవి. ఇంగ్లండులో లోటస్ సంస్థవారు 1996 లో ఎలీజ్ అను కారును అల్యూమినియపు చట్రముపై కట్టి, బరువును సుమారు 725 కిలోగ్రాములకు దించిరి. జపానులో హోండావారు 1990 లో తెచ్చిన ఎన్.ఎస్.ఎక్స్. అను కారు, నాజూకుతనమును ఉత్సాహమును ఒక్కచోట నిలుపవచ్చునని చూపినది. దానిని తయారుచేయునప్పుడే, పందెములలో జగత్ప్రసిద్ధుడైన బ్రెజిలు దేశపు ఐర్టన్ సెన్నాచేత నడిపించి ఆయన సలహా తీసికొనిరి.

ఇంకొక ముచ్చట. 2013 లో పోర్షెవారు పందెములకు తగిన తమ జీటీ3 కారును చేతిగేరు లేకయే విడుదల చేసిరి. గడియారము లెక్కన యంత్రమే వేగముగా మార్చును గనుక వారి తర్కము సరియైనదే. అయినను కొనువారు తృప్తిపడలేదు. 2016 లో చేతిగేరుతో 991 కార్లను మాత్రము వేరొక పేరున తయారు చేయగా, వానికై జనము ఎగబడిరి. 2017 లో జీటీ3 కును చేతిగేరు మరల వచ్చినది. ఆలస్యమైనను సరే, ఆ పని మా చేతికే ఇండు అని మనుష్యులు సొమ్ము చెల్లించి యడిగిరి. ఇది నాకు మిక్కిలి ఊరట కలిగించిన సంగతి.

విద్యుత్తు కార్ల మాట యేమని కొందరడుగుదురు. 2023 ఫిబ్రవరి 11 న హైదరాబాదులో హుస్సేనుసాగరు గట్టున విద్యుత్తు కార్ల ప్రపంచ పందెము జరిగినది. ఫ్రెంచి దేశస్థుడు వెర్న్య గెలిచెను. ఆ కార్లకు ఇంజను హోరు లేదు. ఈలవంటి సన్నని మ్రోత మాత్రమే. అయినను గోడలను రాచుకొనుచు వంపులు తిరుగుచున్న ఆ సారథుల ముఖములలో ఉత్సాహమునకు కొఱత లేదు. ఏలయన వారి చేతికి పని యున్నది. అదే సంవత్సరము కొరియావారి హుండాయ్ సంస్థ, గేర్లు లేని తమ విద్యుత్తు కారొకదానిలో, ఎనిమిది గేర్లున్నట్లు కుదుపును, శబ్దమును కల్పించి పెట్టినది. కొందరు దీనిని బొమ్మలాట యని పరిహసించిరి. నేను పరిహసింపను. సుఖ మెంత హెచ్చినను మనుష్యునికి చేయుటకు పని కావలెనని, యంత్రము చేయువారే ఒప్పుకొన్నట్లు దానిని నేను అర్థము చేసికొంటిని.

మరునాడు మేనల్లునితో నేనిట్లంటిని: "నాయనా, ఆ మీటను దారిమీద ఎన్నడును నొక్కకుము. నీకు కావలసినది కాపలా తీసివేయుట కాదు, నేర్చుకొనుట." ఆ వారమే, కారు జారినప్పుడు అదుపు నేర్పు ఒక శిక్షణస్థలమునకు ఆతనిని తీసికొనిపోయితిని. అచట విశాలమైన నేలను నీటితో తడిపియుంతురు. చుట్టును కొట్టుకొనుటకు ఏమియు నుండదు. ఒక పాత చిన్నకారునిచ్చిరి. ఆతని కారు బలములో నాలుగవవంతైనను దానికి లేదు. వేగము గంటకు 50 కిలోమీటర్లకు మించలేదు. మొదటి గంటలో పదునొకండు మారులు బొంగరమువలె తిరిగెను. నేర్పువాడు కేకలు వేయుచుండెను. మధ్యాహ్నమునకు ఆతని చేతులలో ఏదో మారినది. తోక జారబోవుచుండగానే చక్రమును ఎదురు త్రిప్పి, కాలిని తొందరపడక నిలిపి, కారును ఒడుపుగా దారిలోనికి తెచ్చెను. దిగినప్పుడు చొక్కా తడిసియున్నది. ముఖము చిన్నపిల్లవాని ముఖమువలె నున్నది. "మామయ్యా, ఆదివారము నేను తిప్పలేదు గదా, కారే తిప్పినది గదా!" అనెను. దీపము సంగతి అప్పుడు చెప్పితిని. కొంతసేపు మాటలాడలేదు.

ఆతడు తన గొప్పకారును అమ్మలేదు. అమ్ముమని నేను చెప్పలేదు. దానిని నెమ్మదిగా నడుపుచున్నాడు. నెల కొకమారు ఆ తడినేలకు పోవుచున్నాడు. దీపము మినుకుమన్నప్పుడెల్ల, తన తప్పు ఏమో వెదకుకొనుచున్నానని వ్రాసినాడు.

కావున, నా అభిప్రాయమును సంగ్రహముగా మనవి చేసెదను. నాజూకు తేరిన నేటి కార్లలో ఉత్సాహము చావలేదు. పూర్వము అది ప్రమాదముతో కలిసి యుండెడిది గనుక రెండును ఒక్కటేయని మనము భ్రమపడితిమి. ప్రమాదమును యంత్రము చాలవరకు తొలగించినది, అది మేలే. కాని ప్రమాదముతో బాటు చేతిపనిని కూడ తీసికొనిపోయినచోట ఉత్సాహము పోయినది. చేతికి పని మిగిల్చిన కారు, చిన్నదైనను, నేటికిని ఉల్లాసకరమే. బలమును మాత్రము పెంచి చేతిపనిని హరించిన కారు, ఎంత వెలగలదైనను, రెండు నెలల ముచ్చటయే.

పెద్దలకు నా విన్నపము ఒక్కటి. మీ పిల్లలు అట్టి కారు చిత్రమును పంపినప్పుడు, "ఎంత వేగము పోవును?" అని అడుగకుడు, అది వారిని ఇంకను తొక్కుమని ప్రోత్సహించినట్లగును. "నీకు జారినప్పుడు నిలుపుకొనుట వచ్చునా? ఎవరు నేర్పిరి?" అని అడుగుడు. గిత్తలను కొనియిచ్చు తండ్రి, పగ్గము పట్టుటయు నేర్పును గదా. నేర్పక తాళపుచెవి ఇచ్చిన తప్పు నాదియని, విరిగిన ఎముకతో పడకపైనుండి నా మిత్రుడు చెప్పిన మాట, మనలో ఎవరికిని చెప్పవలసిన అవసరము రాకుండుగాక.